వచ్చినవాళ్ళు ఒక్క పీఆర్‌తో మాయమైపోతున్నారు, ఎక్కడ తేడా కొడుతోంది?

సెమికోలన్ | సోమవారం, రాత్రి 10:42

ఆరేళ్ళుగా ఒక చిన్న ఓపెన్ సోర్స్ టూల్ నడుపుతున్నాను. గందరగోళంగా ఉన్న సీఎస్వీ ఫైళ్ళను (కామాలతో విడదీసిన పట్టికలు) శుభ్రం చేసిపెట్టే కమాండ్ లైన్ ప్రోగ్రాం. పైథాన్‌లో రాసింది, టెస్టులు కాకుండా 9 వేల లైన్ల దాకా ఉంటుంది. కోడ్ పెట్టుకునే సైట్ గిట్‌హబ్‌లో 1,900 స్టార్లు. వాడేవాళ్ళకు కొదవ లేదు, బగ్గులు చెప్పేవాళ్ళకు అసలే లేదు. 140 ఇష్యూలు (బగ్గులు, కోరికలు) తెరిచి ఉన్నాయి. కోడ్ రాసేది మాత్రం నేనొక్కడినే.

పోయిన ఏడాది గట్టిగా అనుకుని చాలా చేశా. రీడ్‌మీ (ప్రాజెక్టు పరిచయ పేజీ) తిరగరాశా, లోగో పెట్టా, కొత్తవాళ్ళకు అనువైన 12 ఇష్యూలకు 'గుడ్ ఫస్ట్ ఇష్యూ' లేబుల్ తగిలించా, కాంట్రిబ్యూటింగ్ ఫైల్ (కోడ్ ఎలా పంపాలో చెప్పేది) రాశా, చాట్ రూమ్ తెరిచా. సోషల్ మీడియాలో పోస్టు కూడా వేశా, లైకులు బాగానే పడ్డాయి. ఆ తర్వాత 23 మంది పీఆర్లు (పుల్ రిక్వెస్టులు, అంటే 'నా కోడ్ మార్పు కలుపుకోండి' అని పంపేవి) పంపారు. రెండోసారి పంపింది ఇద్దరే. ఇప్పుడు వాళ్ళూ లేరు. చాట్ రూమ్‌లో చివరి మెసేజ్ నాలుగు నెలల కిందటిది, అదీ నాదే.

ఇంకా ఎక్కడ ప్రచారం చేస్తే జనం వస్తారు? ఉద్యోగం అయ్యాక రాత్రిళ్ళు కూర్చుని లాగుతున్నా. ఇక ఒంటిచేత్తో నావల్ల కావట్లేదు.


నిద్రలేనిసర్వర్ | సోమవారం, రాత్రి 11:05

అక్టోబర్‌లో జరిగే హాక్టోబర్‌ఫెస్ట్‌లో (ఓపెన్ సోర్స్‌కు పీఆర్లు పంపమని ప్రోత్సహించే కార్యక్రమం) ప్రాజెక్టును చేర్చు. ఊరికే వస్తారు.


పాతకాపు | సోమవారం, రాత్రి 11:31

ఊరికే వస్తారు, నిజమే. ఎలా వస్తారో కూడా చెప్పాలి కదా సర్వర్. 2014లో మొదలైనప్పుడు మంచి ఉద్దేశంతోనే పెట్టారు. 2020 వచ్చేసరికి బహుమతిగా ఇచ్చే టీషర్ట్ కోసం జనం రీడ్‌మీలో ఒక విశేషణం చేర్చి పీఆర్ పంపడం మొదలెట్టారు. 'ప్రాజెక్ట్' అని ఉంటే 'అద్భుతమైన ప్రాజెక్ట్' అని మార్చేవాళ్ళు, అంతే. మెయింటెయినర్లు (ప్రాజెక్టులు నడిపేవాళ్ళు) మొత్తుకుంటే ఆ నెలలోనే నిర్వాహకులు రూలు మార్చారు: ప్రాజెక్టు తనంతట తాను చేరితేనే ఆ పీఆర్లు లెక్కలోకి వస్తాయని. ఆ తర్వాత టీషర్ట్ కూడా తీసేశారు.

2024 మొదట్లో ఎక్స్‌ప్రెస్ (జావాస్క్రిప్ట్ వెబ్ ఫ్రేమ్‌వర్క్) వాళ్ళకు ఇంతకంటే ఘోరం జరిగింది. పీఆర్ ఎలా పంపాలో నేర్పే వీడియో చూసి, అందులో చూపించినట్టే అసలు ప్రాజెక్టు రీడ్‌మీలో తమ పేర్లు రాసి పంపినవాళ్ళు వరసకట్టారు. పాపం పిల్లల తప్పేం లేదు, వాళ్ళకు అలాగే చూపించారు. కానీ వాటన్నిటినీ మూసేది ఎవరు?

జనాన్ని పిలవడం కష్టం కాదు. వచ్చినవాళ్ళను నిలబెట్టుకోవడమే కష్టం.


మెర్జ్‌మాస్టారు | మంగళవారం, ఉదయం 6:50

సెమికోలన్, లెక్క నువ్వే చెప్పావు. 23 మంది వచ్చారు, ఇద్దరు మిగిలారు. చిల్లుకుండలో నీళ్ళు నిలవట్లేదని ఇంకో బిందె నీళ్ళు తెమ్మంటున్నావు.

ఒక్క ప్రశ్న. ఆ 23 పీఆర్లకు నీ మొదటి జవాబు ఎన్ని రోజులకు వెళ్ళింది? సగటు వద్దు. ఒక్కోదానికీ చూసి చెప్పు.


సెమికోలన్ | మంగళవారం, ఉదయం 9:14

ఇప్పుడే కూర్చుని చూశా. చెప్పడానికి సిగ్గుగానే ఉంది మాస్టారూ. 5 పీఆర్లకు రెండు రోజుల్లోపు. 7 వాటికి రెండు వారాల్లోపు. మిగిలిన 11 వాటికి మూడు వారాలు, నెల. ఒకదానికి 74 రోజులు. రెండోసారి వచ్చిన ఇద్దరూ ఆ మొదటి ఐదుగురిలోనివాళ్ళే.

ఆఫీసులో రిలీజ్ టెన్షన్ ఉన్నప్పుడు నోటిఫికేషన్లే తెరవను. నిజం చెప్పాలంటే తెరవడానికి భయం.


మెర్జ్‌మాస్టారు | మంగళవారం, ఉదయం 9:40

నీ ఒక్కడి కథ కాదు ఇది. కొన్నేళ్ళ కిందట ఫైర్‌ఫాక్స్ చేసే మొజిల్లా వాళ్ళు తమ కాంట్రిబ్యూటర్ల లెక్కలు తీశారు. మొదటి ప్యాచ్‌కు (పంపిన కోడ్ మార్పుకు) 48 గంటల్లోపు రివ్యూ అందుకున్నవాళ్ళు మళ్ళీ రావడం చాలా ఎక్కువ. ఏడు రోజులు దాటి ఎదురుచూసినవాళ్ళలో తిరిగి వచ్చేవాళ్ళు దాదాపు సున్నా. మామూలుగా ఇలాంటి లెక్కల మీద నాకు పెద్ద నమ్మకం ఉండదు కానీ ఇది మాత్రం అనుభవంతో సరిపోయింది.


పాతకాపు | మంగళవారం, ఉదయం 10:22

మొజిల్లాలో జీతాలు తీసుకుని రివ్యూ చేసేవాళ్ళు ఉన్నారు మాస్టారూ. ఇతను రాత్రి పదింటికి కూర్చునేవాడు. 48 గంటలని గీత గీస్తే పెళ్ళాంబిడ్డల మొహం ఎప్పుడు చూస్తాడు? మెయింటెయినర్లు అలిసిపోయేది ఇలాంటి సలహాల వల్లే.


మెర్జ్‌మాస్టారు | మంగళవారం, ఉదయం 10:48

రివ్యూ మొత్తం 48 గంటల్లో అయిపోవాలని నేను అనలేదు. 'చూశాను, ఉద్దేశం అర్థమైంది, శనివారం పొద్దున వివరంగా చూస్తా' అని రెండు లైన్లు రాయడానికి రెండు నిమిషాలు చాలు. అది మనిషి రాయాలి. బాట్ పెట్టే 'మీ సహకారానికి ధన్యవాదాలు'ను ఎవరూ జవాబుగా లెక్కపెట్టరు. పైగా దాన్ని చూడగానే ఇక్కడ మనుషులు లేరని ఖాయమైపోతుంది.

నేనైతే వారానికి ఒక పూట రివ్యూకే పెట్టుకున్నా. ఆ పూట సొంత కోడ్ ముట్టను. ఏ రోజు చూస్తానో కాంట్రిబ్యూటింగ్ ఫైల్లో మొదటి లైన్లోనే రాసిపెట్టా. అప్పట్నుంచి 'ఏమైందండీ' అని అడిగేవాళ్ళు తగ్గారు. ఎదురుచూడటానికి ఎవరికీ అభ్యంతరం ఉండదు, ఎప్పటిదాకా అన్నది తెలిస్తే చాలు.


చీకటితెర | మంగళవారం, మధ్యాహ్నం 1:15

నేను కోడ్ రాస్తాను కానీ ఈ టూల్ ఎప్పుడూ చూడలేదు. సెమికోలన్ లింక్ పర్సనల్‌గా పంపాడు. లంచ్‌లో ఒక ఖాళీ వర్చువల్ మెషీన్ తీసుకుని, కొత్తగా వచ్చినవాడు ఏం చేస్తాడో అదే చేశా. స్టాప్‌వాచ్ పెట్టుకుని మరీ. ఏమనుకోకు బ్రదర్, ఉన్నదున్నట్టు రాస్తున్నా.

3వ నిమిషం: కాంట్రిబ్యూటింగ్ ఫైల్ 'మేక్ సెటప్' అనే కమాండ్ నడపమంది. నడిపా. అలాంటి టార్గెట్టే లేదంది. మేక్‌ఫైల్ తెరిచి చూస్తే దాని పేరు 'డెవ్' అని ఉంది. ఎప్పుడో మార్చినట్టున్నావు, ఫైల్లో మార్చలేదు.

8వ నిమిషం: పైఐసీయూ (టూల్ వాడే ఒక పైథాన్ లైబ్రరీ) ఇన్‌స్టాల్ దగ్గర ఆగింది. 60 లైన్ల ఎర్రర్. సిస్టమ్‌లో ఐసీయూ అనే యూనికోడ్ లైబ్రరీ హెడర్ ఫైళ్ళు ఉండాలట. ఆ సంగతి ఎక్కడా రాయలేదు. నాకు తెలుసు కాబట్టి గట్టెక్కా, తెలియనివాడికి ప్రాజెక్టు అక్కడే ఐసీయూలో చేరుతుంది.

24వ నిమిషం: టెస్టులు నడిచాయి. 312లో 4 ఫెయిల్. నేనింకా ఒక్క అక్షరం మార్చలేదు. నావల్ల ఏమైనా పోయిందా అని పావుగంట వెతికా. చివరికి పాత ఇష్యూలో నీ కామెంట్ దొరికింది: 'ఇవి తెలిసినవే, పట్టించుకోకండి.' ఆ నాలుగూ తేదీల టెస్టులు. మెషీన్ టైమ్ జోన్ యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అనుకుని రాశావు. గిట్‌హబ్‌లో టెస్టులు తమంతట తామే నడిపే సీఐ మెషీన్లు యూటీసీలోనే ఉంటాయి కాబట్టి అక్కడ పాస్ అవుతాయి. నీ లాప్‌టాప్‌లో ఎలా పాస్ అవుతున్నాయి?

45వ నిమిషం: 'గుడ్ ఫస్ట్ ఇష్యూ' ఒకటి తీశా. 'ఎన్‌కోడింగ్ డిటెక్షన్ మెరుగుపరచాలి.' ఇంతే ఉంది. ఫైల్లో అక్షరాలు ఏ పద్ధతిలో దాచారో కనిపెట్టడం అన్నమాట. ఏ ఫైలు, ఏ ఇన్‌పుట్, ఎంత మెరుగు? ఇది మొదటి ఇష్యూ కాదు, పీహెచ్‌డీ టాపిక్.

52వ నిమిషం: లంచ్ టైమ్ అయిపోయింది. ఒక్క లైన్ కూడా రాయలేదు.


సెమికోలన్ | మంగళవారం, మధ్యాహ్నం 2:03

లాప్‌టాప్ టైమ్ జోన్ కూడా యూటీసీయే. సర్వర్ లాగులు చదవడానికి ఎప్పుడో అలా పెట్టుకున్నా, అలవాటైపోయింది. ఆ టెస్టుల గురించి ముగ్గురు రాశారు. 'నా దగ్గర పాస్ అవుతున్నాయి' అని మూసేశా.

ఆరేళ్ళలో నేను ఆ ఫైలు చూసి ప్రాజెక్టు సెటప్ చేసింది ఒక్కసారీ లేదు. నా మెషీన్లో అన్నీ ముందే ఉన్నాయి కదా.


అక్షరపిట్ట | మంగళవారం, సాయంత్రం 5:30

నేను డాక్యుమెంటేషన్ రాసే మనిషిని. కొత్తవాళ్ళకు వదిలే ఇష్యూ ఎలా ఉండాలో ఊరికే చెబితే ఎక్కదు, అందుకే మీదే ఒకటి తీసుకుని తిరగరాశాను సెమికోలన్ గారూ. మీ రిపోలో ఇలా ఉంది: 'బీఓఎమ్ హ్యాండ్లింగ్ సరిగా లేదు.' నాలుగు ముక్కలు. మీకు అన్నీ గుర్తొస్తాయి, చదివేవాడికి ఏమీ రాదు.

నేనైతే ఇలా రాస్తాను:

'ఎక్సెల్‌లో సీఎస్వీ యూటీఎఫ్-8గా సేవ్ చేసిన ఫైలు మొదట్లో బీఓఎమ్ అనే కనపడని గుర్తు ఉంటుంది. మన టూల్ దాన్ని మొదటి కాలమ్ పేరులో భాగంగా చదువుతోంది. అందుకే "ఐడీ" అనే కాలమ్ ఫైల్లో కళ్ళెదురుగా ఉన్నా, దొరకలేదని ఎర్రర్ ఇస్తోంది. శాంపిల్ ఫైలు దీనికి జతచేశాను. మార్పు చేయాల్సింది రీడర్ ఫైల్లో, ఫైలు తెరిచే ఫంక్షన్‌లో. పైథాన్‌లో యూటీఎఫ్-8-సిగ్ అనే ఎన్‌కోడింగ్ ఇప్పటికే ఉంది. మొదట్లో బీఓఎమ్ ఉంటే తీసేస్తుంది, లేకపోతే మామూలుగా చదువుతుంది. బీఓఎమ్ ఉన్న ఫైలుకు ఒకటి, లేని ఫైలుకు ఒకటి, రెండు టెస్టులు కావాలి. టెస్టు ఎలా రాయాలో చూడటానికి పక్కనే ఉన్న ట్యాబ్ డీలిమిటర్ (కాలమ్‌లను విడదీసే గుర్తు) టెస్టును నమూనాగా తీసుకోవచ్చు. యూటీఎఫ్-16 ఫైళ్ళ జోలికి ఇప్పుడు వెళ్ళనక్కర్లేదు, అది వేరే ఇష్యూ. ఎక్కడైనా ఆగిపోతే ఇక్కడే అడగండి.'

ఆ చివర్లో 'జోలికి వెళ్ళనక్కర్లేదు' అన్న వాక్యం చూడండి. కొత్తవాళ్ళకు పని ఎక్కడ ఆపాలో తెలియదు. తక్కువ చేస్తే తిడతారేమోనని అంతా మార్చేసి 40 ఫైళ్ళ పీఆర్ పంపుతారు. మీరు దాన్ని చూసి జడుసుకుని నెల రోజులు తెరవరు.


పాతకాపు | మంగళవారం, సాయంత్రం 6:12

పిట్టగారూ, బాగుంది. కానీ ఇది ఎంతసేపు రాశారు?


అక్షరపిట్ట | మంగళవారం, సాయంత్రం 6:20

35 నిమిషాలు. కోడ్ చూసి అర్థం చేసుకోవడంతో కలిపి.


పాతకాపు | మంగళవారం, సాయంత్రం 6:41

ఆ బగ్ సరిచేయడానికి సెమికోలన్‌కు 5 నిమిషాలు పడుతుంది. 35 నిమిషాలు పెట్టి రాసి, వచ్చిన పీఆర్‌ను ఇంకో గంట రివ్యూ చేసి, చివరికి ఆ మనిషి మళ్ళీ కనపడకపోతే? 12 ఇష్యూలు ఇలా రాస్తే ఒక రిలీజ్ ఆగిపోతుంది. ఈ లెక్క ఎవరూ ఒప్పుకోరు కానీ ఉన్నది ఇదే.

అసలు అందరికీ కాంట్రిబ్యూటర్లు ఎందుకు? ఎస్‌క్యూలైట్ డేటాబేస్ చూడండి. కోడ్ పబ్లిక్ డొమైన్, ఎవరైనా వాడుకోవచ్చు. కానీ బయటివాళ్ళ ప్యాచ్‌లు తీసుకోరు, సైట్‌లోనే ఆ మాట రాసిపెట్టారు. 2000 నుంచి నడుస్తోంది, ఫోన్లన్నిటిలోనూ ఉంది. సెమికోలన్ కూడా 'నేను రాస్తాను, మీరు వాడుకోండి, ప్యాచ్‌లు వద్దు' అని బోర్డు పెట్టేస్తే హాయిగా నిద్రపోతాడు.


మెర్జ్‌మాస్టారు | మంగళవారం, రాత్రి 8:05

ఆ బోర్డు పెట్టడం తప్పు కాదు. తలుపు తీసి ఉందని రాసి లోపల గడియ పెట్టుకునే దానికంటే చాలా నయం. కానీ ఎస్‌క్యూలైట్ వెనక దాన్నే వృత్తిగా చేసుకున్న చిన్న టీమ్ ఉంది, డబ్బిచ్చే కన్సార్టియం ఉంది. ఇతని వెనక ఎవరున్నారు?

35 నిమిషాల లెక్కలో మాత్రం పాతకాపు చెప్పింది సగం నిజం. ఆ బగ్ కోసమైతే దండగే. ఆ పూట నువ్వు కొంటున్నది బగ్ ఫిక్స్ కాదు, ఆ రీడర్ ఫైలు చదివిన రెండో మనిషిని. అందుకే 12 రాయొద్దు, మూడు రాయి. ఆ మూడింటినీ నువ్వు సరిచేయకుండా చేతులు కట్టుకుని కూర్చో. అది మాత్రం కష్టం, నాకు బాగా తెలుసు.

లైనక్స్ కెర్నల్‌లో (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయలో) స్టేజింగ్ అని ఒక డైరెక్టరీ ఉంది. ఇంకా సరిగా కుదరని డ్రైవర్లు అక్కడ ఉంటాయి, కొత్తవాళ్ళు స్టైల్ తప్పులు సవరిస్తూ ప్యాచ్ పంపే పద్ధతి నేర్చుకుంటారు. ఆ సవరణల వల్ల కెర్నల్‌కు ఒరిగేది కొంచెమే. మెయిల్‌లో ప్యాచ్ పంపడం, తిట్టు తిని రెండో వెర్షన్ పంపడం అక్కడ వంటబడుతుంది.


నిద్రలేనిసర్వర్ | మంగళవారం, రాత్రి 8:11

తిట్టు తిని 😂


మౌనపాఠకురాలు | మంగళవారం, రాత్రి 11:48

ఈ వేదికలో రెండేళ్ళుగా చదవడమే తప్ప రాయలేదు. ఇదే మొదటి పోస్టు.

సెమికోలన్ గారూ, మీరు పేరు చెప్పకపోయినా ప్రాజెక్టును గుర్తుపట్టాను. ఆ 23 మందిలో నేనొకదాన్ని. డీలిమిటర్ గుర్తించే దగ్గర, కోట్‌ల మధ్య ఉన్న కామాలను కూడా లెక్కపెడుతున్న బగ్ నాది. ఓపెన్ సోర్స్‌లో నా మొదటి పీఆర్. ఉద్యోగంలో కోడ్ రాస్తాను, కానీ ముక్కూమొహం తెలియనివాళ్ళు చూస్తారంటే చేతులు వణికాయి. పంపే ముందు నాలుగుసార్లు చదువుకున్నా.

19 రోజుల తర్వాత మీ కామెంట్ వచ్చింది: 'దీన్ని ఇలా కాకుండా వేరేలా చేయాలి.' వేరేలా అంటే ఎలా అని అడిగా. జవాబు రాలేదు. ఇంకో వారానికి పీఆర్ మూతపడింది. 'మెయిన్‌లో (అసలు కోడ్‌లో) సరిచేశాను, థాంక్స్.' మీ కమిట్ (కోడ్‌లో చేర్చిన మార్పు) తెరిచి చూశా. నా రెండు టెస్టులు అక్షరం మారకుండా అందులో ఉన్నాయి. నా పేరు లేదు.

గొడవ పెట్టుకోవాలని కాదు, మీరు కావాలని చేశారనీ అనుకోవట్లేదు. ఎందుకు పోతున్నారని అడిగారు కాబట్టి చెప్పాను.


సెమికోలన్ | బుధవారం, ఉదయం 5:55

ఆ కమిట్ తీసి చూశాను. మీరు చెప్పింది నిజం. ఆ టెస్టులు మీవే. ఆ రాత్రి తొందరలో కాపీ చేసి, సరిచేసి, రిలీజ్ కొట్టేశా. 'సాయం చేశా కదా, ఆమె పని తగ్గించా కదా' అనే అనుకున్నాను అప్పుడు. క్షమించండి.

కో-ఆథర్డ్-బై (సహరచయిత) లైన్ ఒకటి కమిట్ మెసేజ్ చివర్లో పెట్టి ఉంటే పేరు వచ్చేది. ఆ సంగతి నాకు తెలుసు కూడా. పాత చరిత్రను ఇప్పుడు తిరగరాస్తే అందరి క్లోన్‌లూ (కాపీలూ) చెడతాయి, కాబట్టి ఛేంజ్‌లాగ్‌లో (మార్పుల చిట్టాలో) ఆ రిలీజ్ కింద మీ యూజర్ పేరు చేర్చి ఇప్పుడే పుష్ చేశా. వద్దంటే తీసేస్తా.


మౌనపాఠకురాలు | బుధవారం, ఉదయం 8:30

ఉంచండి. థాంక్స్.

తిరిగి వస్తానని మాత్రం అనను. ఇప్పుడు వేరే ప్రాజెక్టులో ఉన్నా, అక్కడే సరిపోతోంది. అక్కడ ఎందుకు ఉండిపోయానో చెప్తా. నా మొదటి పీఆర్ అక్కడ కూడా తప్పే. కానీ రివ్యూ చేసినావిడ తను సరిచేసేయలేదు. 'ఈ లూప్ ఖాళీ ఫైలు వస్తే ఏం చేస్తుందో ఒకసారి నడిపి చూడండి' అని రాసింది. నడిపి చూశా, పేలింది, నేనే సరిచేశా. మూడు రౌండ్లు పట్టింది. మెర్జ్ అయిన (కోడ్‌లో కలిసిన) రోజు రాత్రి ఆ పేజీ ఎన్నిసార్లు రిఫ్రెష్ చేశానో లెక్కలేదు.


చీకటితెర | బుధవారం, ఉదయం 9:02

ఇంకోటి మర్చిపోయా. పీఆర్ తెరవగానే సీఎల్ఏ (కాంట్రిబ్యూటర్ లైసెన్స్ అగ్రిమెంట్, ఇచ్చే కోడ్ మీద హక్కుల ఒప్పందం) మీద సంతకం పెట్టమని బాట్ అడుగుతోంది. నాలుగు పేజీల ఒప్పందం. కంపెనీల్లో పనిచేసేవాళ్ళు దాన్ని చూడగానే లీగల్ టీమ్‌ను అడగాలి, ఎవరు అడుగుతారు? 9 వేల లైన్ల టూల్‌కు సీఎల్ఏ ఎందుకు బ్రదర్?


సెమికోలన్ | బుధవారం, ఉదయం 9:20

ఒక పెద్ద ప్రాజెక్టులో చూసి కాపీ చేశా. ఉంటే ప్రొఫెషనల్‌గా ఉంటుందనుకున్నా.


పాతకాపు | బుధవారం, ఉదయం 9:33

😐

తీసెయ్. లైసెన్స్ మార్చే ఆలోచన లేనప్పుడు అంత బరువు అనవసరం. మరీ ఏదో ఒకటి కావాలనుకుంటే డీసీఓ (డెవలపర్ సర్టిఫికేట్ ఆఫ్ ఆరిజిన్) పెట్టుకో. కెర్నల్ వాళ్ళు 2004లో తెచ్చారు, లైనక్స్‌లో తమ కోడ్ ఉందని ఎస్‌సీఓ కంపెనీ వేసిన కేసు గొడవల తర్వాత. కమిట్ చివర్లో సైన్డ్-ఆఫ్-బై అని ఒక్క లైన్: ఈ కోడ్ ఇచ్చే హక్కు నాకుంది అని చెప్పడం. గిట్ కమిట్‌కు మైనస్ ఎస్ తగిలిస్తే అదే వచ్చేస్తుంది.


నిద్రలేనిసర్వర్ | బుధవారం, ఉదయం 10:10

నాదో డౌటు. ఇన్ని చేసేకంటే, బాగా రాసే ఒకరిద్దరికి డైరెక్ట్‌గా కమిట్ యాక్సెస్ (కోడ్ మార్చే హక్కు) ఇచ్చేస్తే సరిపోదా? బాధ్యత ఇస్తే ఉంటారు.


పాతకాపు | బుధవారం, ఉదయం 10:45

ఎక్స్‌జెడ్ (ఫైళ్ళు కుదించే టూల్) గుర్తుందా? అలిసిపోయిన ఒక్క మెయింటెయినర్. 2021 నుంచి ఓపిగ్గా మంచి ప్యాచ్‌లు పంపిన ఒక ఖాతా. 2022లో మెయిలింగ్ లిస్టులో ఎవరో కొత్త పేర్లతో వచ్చి 'ప్రాజెక్టు మూలన పడింది, ఇంకొకరికి అప్పగించు' అని ఒత్తిడి పెట్టారు. ఆ ఖాతాకే మెయింటెయినర్ హక్కులిచ్చాడు. 2024లో 5.6.0, 5.6.1 వెర్షన్లలో బ్యాక్‌డోర్ (దొంగదారి) వచ్చింది. ఎస్‌ఎస్‌హెచ్‌తో సర్వర్‌లోకి లాగిన్ అర సెకను నెమ్మదించిందేమిటా అని ఆండ్రెస్ ఫ్రూండ్ అనే ఇంజినీర్ తవ్వబట్టి మార్చి 29న బయటపడింది. లేకపోతే ఎన్ని సర్వర్లలోకి పోయేదో.

సెమికోలన్ ఇప్పుడున్న స్థితి అచ్చం అదే. ఎవరైనా వస్తే చాలు అన్నట్టుంది.


మెర్జ్‌మాస్టారు | బుధవారం, ఉదయం 11:30

దాన్నుంచి ఎవరినీ నమ్మొద్దని నేర్చుకుంటే ప్రాజెక్టు నీతోనే ముగుస్తుంది. ఆ కథలో నాకు ఎక్కువ బాధ కలిగించింది బ్యాక్‌డోర్ కాదు. ఆ మెయింటెయినర్ తన ఆరోగ్యం బాగాలేదని, ఇది జీతం లేని పని అని అదే లిస్టులో చెప్పుకున్నాడు. సాయానికి వచ్చినట్టు వచ్చిన ఒక్కరూ దాన్నే వాడుకున్నారు.

యాక్సెస్ అంటే అంతా లేదా ఏమీ లేదు అనుకోనక్కర్లేదు సర్వర్. గిట్‌హబ్‌లో ట్రయాజ్ అనే రోల్ ఉంది. కోడ్ ముట్టలేరు, ఇష్యూలకు లేబుళ్ళు పెట్టొచ్చు, డూప్లికేట్లు మూయొచ్చు. మొదట అది ఇవ్వు. 140 ఇష్యూల్లో సగం డూప్లికేట్లే అయ్యుంటాయని నా పందెం. తర్వాత ఎప్పుడైనా రాసే హక్కు ఇచ్చినా, మెయిన్ బ్రాంచ్‌లోకి ఇంకొకరు రివ్యూ చేయకుండా ఏదీ పోకుండా లాక్ పెట్టు. రిలీజ్ చేసే టోకెన్ అన్నిటికంటే చివర. ఒత్తిడి పెట్టి అడిగినవాడికి మాత్రం ఎప్పుడూ ఇవ్వకు.


సెమికోలన్ | బుధవారం, రాత్రి 9:58

ఇంకో బాధ కూడా చెప్పుకోనివ్వండి. ఈ ఆరు నెలలుగా వస్తున్న పీఆర్లలో ఏఐతో రాయించినవి ఎక్కువైపోయాయి. వివరణ నాలుగు పేరాలు నున్నగా ఉంటుంది, కోడ్ లేని ఫంక్షన్‌ను పిలుస్తుంది. ఒక ప్రశ్న అడిగితే ఇంకో నాలుగు పేరాలు వస్తాయి. రెండు నిమిషాల జవాబు వీటికి కూడా ఇవ్వాలా?


చీకటితెర | బుధవారం, రాత్రి 10:15

కర్ల్ (ఇంటర్నెట్ నుంచి డేటా తెచ్చే టూల్) వాళ్ళు ఏఐ రాసిన రిపోర్టుల తాకిడికే 2026 జనవరితో బగ్ బౌంటీ (లోపాలు పట్టినవాళ్ళకు డబ్బిచ్చే పద్ధతి) ఎత్తేశారు. నువ్వొక్కడివే కాదు.

నా రూల్ సింపుల్. ఏ టూల్‌తో రాశావో నాకు అనవసరం. కానీ 'ఈ లైన్ ఎందుకు పెట్టావు' అని అడిగితే నీ మాటల్లో చెప్పగలగాలి. చెప్పలేకపోతే మర్యాదగా మూసేస్తా. కాంట్రిబ్యూటింగ్ ఫైల్లో రాసిపెట్టు, మూసేటప్పుడు చెయ్యి వణకదు.


కొత్తబాట | గురువారం, సాయంత్రం 7:20

నమస్తే. కాలేజీ మూడో సంవత్సరం. ఇదంతా చదివాను, చాలావరకు అర్థమైంది. అన్నా, ఆ బీఓఎమ్ ఇష్యూ నేను తీసుకోవచ్చా? పైథాన్ వచ్చు, గిట్ కొంచెం వచ్చు. ప్రాజెక్టు లింక్ ఇవ్వండి.


సెమికోలన్ | గురువారం, రాత్రి 9:05

తీసుకో తమ్ముడూ. లింక్ పర్సనల్‌గా పంపా. పిట్టగారు రాసిందే ఇష్యూలో పెట్టేశా. సెటప్ ఫైలు నిన్న రాత్రి ఖాళీ మెషీన్ మీద నేనే నడిపి మళ్ళీ రాశా, గంటన్నర పట్టింది, ఐసీయూ దగ్గర నేనే ఇరుక్కున్నా. సీఎల్ఏ తీసేశా. రివ్యూ శనివారం పొద్దున. మధ్యలో ఆగిపోతే ఇష్యూలోనే అడుగు.


కొత్తబాట | శుక్రవారం, రాత్రి 11:10

అన్నా, పీఆర్ పెట్టా. నా రెండు టెస్టులూ పాసయ్యాయి. కానీ నా లాప్‌టాప్‌లో తేదీల టెస్టులు 4 ఫెయిల్ అవుతున్నాయి. నేను ఆ ఫైళ్ళు ముట్టుకోలేదు, నిజంగా.


సెమికోలన్ | శుక్రవారం, రాత్రి 11:16

ముట్టుకోలేదని తెలుసు. అవి నా తప్పు, నీది కాదు. ఇందాకే మెయిన్‌లో సరిచేశా. నీ బ్రాంచ్‌ను మెయిన్ మీదకు రీబేస్ చెయ్ (కొత్త మెయిన్ మీద నీ మార్పును మళ్ళీ పేర్చు), పోతాయి.


కొత్తబాట | శనివారం, అర్ధరాత్రి 12:40

రీబేస్ వీడియో చూసి చేశా. ఆ నాలుగూ పోయాయి. కానీ ఇప్పుడు నా పీఆర్‌లో 41 కమిట్లు కనిపిస్తున్నాయి, అందులో 40 నావి కావు. ఇది మామూలేనా అన్నా?


మెర్జ్‌మాస్టారు | శనివారం, ఉదయం 6:32

మామూలే. ఏదీ డిలీట్ చేయకు, ఇంకో వీడియో చూడకు. సెమికోలన్ ఇంకా లేవలేదనుకుంటా, నేను ఆ పీఆర్‌లోకే వస్తున్నా.